స్థానిక దస్త్రాల్లో కుటుంబ చరిత్ర: ఒక ఆకర విమర్శ

పాఠం – 11

విషయ క్రమం

11.0 లక్ష్యాలు
11.1 ప్రస్తావన
11.2 పారిష్ రిజిస్టరు: స్కాట్లండ్ ఉదాహరణ
11.3 కైఫియత్తును చదవడం ఎలా?
11.4 తెలంగాణ రెవెన్యూ కాగితాలు: మల్కాజ్‌గిరి నుంచి
11.5 కాగితానికెక్కని వాళ్లు
11.6 పని చేసే పద్ధతి
11.7 సారాంశం
11.8 కొత్త పదాలు
11.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• గ్రామ దస్త్రాల నుంచి కుటుంబ చరిత్రకు ఏ సమాచారం దొరుకుతుందో, ఏది దొరకదో చెప్పగలుగుతారు.
• ఒక కైఫియత్తును ఆకర విమర్శ దృష్టితో చదవగలుగుతారు.
• సేత్వార్, ఖాస్రా పహాణీ వంటి కాగితాలను వంశచరిత్ర రచనలో ఎలా వాడుకోవాలో వివరించగలుగుతారు.
• దస్త్రాలకెక్కని స్త్రీల, భూమిలేని కుటుంబాల చరిత్రను వెతికే దారులను గుర్తించగలుగుతారు.

11.1 ప్రస్తావన

మీ తాత పేరు మీకు తెలుసు. ఆయన తండ్రి పేరు తెలుసా? ఆయన తల్లి పేరు, ఆమె పుట్టిన ఊరు తెలుసా? అధ్యయన కేంద్రాల తరగతుల్లో ఈ మూడు ప్రశ్నలూ వరసగా అడిగితే, మూడోదానికి జవాబు చెప్పేవాళ్లు అరుదు. రెండో ప్రశ్న దగ్గరే కొందరు "మాకు చరిత్ర ఏముంది సార్, మేం కూలి చేసుకున్నవాళ్లం" అంటారు. ఈ పాఠం ముఖ్యంగా ఆ మాట అన్నవాళ్ల కోసమే.

కరణాల ఇళ్లలో పది తరాల వంశవృక్షం దొరుకుతుంది. అదే ఊళ్లో వెట్టి చేసిన కుటుంబానికి మూడు తరాలు కూడా దొరకవు. రెండు కుటుంబాలూ ఆ ఊళ్లో అన్నేళ్లూ ఉన్నవే. తేడా కాగితంలో ఉంది. కాగితం ఎవరి చేతిలో ఉంది, ఎందుకు రాశారు అన్న దాంట్లో ఉంది. దస్త్రం తనను రాయించినవాడు అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతుంది. మనం అడిగే ప్రశ్న వేరు. ఆ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరాన్ని కొలవడమే ఆకర విమర్శ.

చరిత్రకు ఆధారమైన దాన్ని ఆకరం అంటాం. ఆకర విమర్శ రెండు దశల్లో సాగుతుంది. ఈ కాగితం అసలుదా, నకలా, ఎప్పుడు, ఎవరి చేత్తో రాసింది అని పరీక్షించడం బాహ్య విమర్శ. ఇందులో చెప్పిన మాట నమ్మదగినదా, చెప్పినవాడికి అందులో లాభం ఏమిటి, అతను ఏది వదిలేశాడు అని పరీక్షించడం అంతర విమర్శ. ఈ రెండు పనిముట్లతో మన దస్త్రాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

11.2 పారిష్ రిజిస్టరు: స్కాట్లండ్ ఉదాహరణ

కుటుంబ చరిత్ర గురించి ఇంగ్లీషులో ఏ పుస్తకం తెరిచినా పారిష్ రిజిస్టరు మాట వస్తుంది. ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం పారిష్. స్కాట్లండ్‌లో ఆ చర్చి పెద్దలు బాప్తిస్మాలను, పెళ్లి ప్రకటనలను, ఖననాలను పుస్తకంలో రాసి ఉంచేవారు. ఇప్పటికి మిగిలిన వాటిలో అన్నిటికంటే పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ పారిష్‌ది. అది 1553తో మొదలవుతుంది. 1855 జనవరి 1 నుంచి ఈ పని ప్రభుత్వ రిజిస్ట్రార్ల చేతికి వచ్చింది. అప్పటి నుంచి మరణ నమోదులో కూడా చనిపోయినవారి తల్లిదండ్రులిద్దరి పేర్లూ, తల్లి పుట్టింటి పేరుతో సహా, రాయడం మొదలైంది. అక్కడి దస్త్రాల్లో పెళ్లయిన స్త్రీని పుట్టింటి పేరుతోనే పేర్కొనే అలవాటు అంతకు ముందు నుంచే ఉంది. అందువల్ల తల్లివైపు వంశాన్ని పట్టుకోవడం అక్కడ కొంత సులువు.

ఇంత చక్కటి దస్త్రంలోనూ ఖాళీలున్నాయి. 1783లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రతి నమోదు మీద మూడు పెన్నీల పన్ను వేసింది. 1794లో దాన్ని తీసేసింది. ఆ మధ్య కాలంలో ఒక పిల్లవాడి పేరు రిజిస్టరులో లేకపోతే అతను పుట్టలేదని అర్థం కాదు. తండ్రి దగ్గర ఆ మూడు పెన్నీలు లేకపోయి ఉండవచ్చు. అధికారిక చర్చిని వదిలి వేరే సంఘంలో చేరినవాళ్ల పేర్లు, కాథలిక్కుల పేర్లు కూడా ఆ పుస్తకాల్లో చాలావరకు కనిపించవు. మరోపక్క పెళ్లి కాకుండా తల్లి అయిన పేద స్త్రీ పేరు చర్చి పెద్దల విచారణ పుస్తకంలో వివరంగా కనిపిస్తుంది. అక్కడ ఆమె నిందితురాలు కాబట్టి రాశారు.

ఈ సూత్రం గుర్తుంచుకోండి: పెత్తనానికి పని పడినప్పుడే పేదవాళ్ల పేరు కాగితానికెక్కుతుంది. ఇది స్కాట్లండ్‌కు ఎంత నిజమో మన పల్లెలకూ అంతే నిజం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
ఒక పేరు రిజిస్టరులో లేకపోవడానికి ఎన్ని కారణాలుండవచ్చు? పై ఉదాహరణ ఆధారంగా మూడు రాయండి.

11.3 కైఫియత్తును చదవడం ఎలా?

మన గ్రామ చరిత్రలను పెద్ద ఎత్తున రాయించి పోగుచేసినవాడు కూడా ఒక స్కాట్లండ్ వాడే కావడం విశేషం. కాలిన్ మెకంజీ లూయిస్ ద్వీపంలోని స్టోర్నవేలో 1754 ప్రాంతంలో పుట్టాడు. పైన చెప్పిన పన్ను వేసిన 1783లోనే మనదేశం వచ్చాడు. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో చనిపోయాడు. ఊరూరా తిరిగి సేకరించిన పని ఆయనది కాదు, తెలుగువారిది. ఏలూరు ప్రాంతపు కావలి వెంకట బొర్రయ్య ఆ పనికి ఊపిరి పోశాడు. 1803లో ఆయన చిన్న వయసులోనే చనిపోయాక తమ్ముడు లక్ష్మయ్య దాన్ని నడిపించాడు. మరో సోదరుడు రామస్వామి కూడా ఇందులో పనిచేశాడు. కరణాల దగ్గరున్న దండకవిలెలు, ఊరి పెద్దలు చెప్పిన మాటలు, గుళ్లలోని శాసనాలు కలిసి కైఫియత్తులయ్యాయి. తరువాత పాడైపోతున్న వాటికి సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించి బైండు చేయించాడు. ఆ సంపుటాలకు 'లోకల్ రికార్డ్స్' అన్న పేరు నిలిచింది. కాబట్టి మీరు చదివే కైఫియత్తు తరచు నకలుకు నకలు. బాహ్య విమర్శ మొదటి ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు అంతర విమర్శకు ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరు సీమ కైఫియత్తులు చాలావాటిలో ఒకే విషయం కనిపిస్తుంది. గణపతి మహారాజు దగ్గర ప్రధాని అయిన గోపరాజు రామన్న శాలివాహన శకం 1067లో, సూర్యగ్రహణ సమయంలో, నియోగులకు గ్రామ కరణీకపు మిరాశీలు ఇచ్చాడని వాటి సారాంశం. ఊరు మారుతుంది, కరణం ఇంటిపేరు మారుతుంది, ఈ కథ మాత్రం మారదు.

శకం 1067 అంటే క్రీస్తు శకం 1145. కాకతీయ గణపతిదేవుడు పాలించింది 1199 నుంచి 1262 వరకు. ఆయనే ఈ గణపతి మహారాజు అనుకుంటే తేదీ అర్ధశతాబ్దానికి పైగా తప్పుతుంది. ఇక్కడ రెండు తొందరపాట్లు జరుగుతుంటాయి. కొందరు తేదీ సరిపోలేదు కాబట్టి కైఫియత్తంతా కట్టుకథ అని పక్కన పెడతారు. మరికొందరు తమ ఇంటిపేరు అందులో ఉంది కాబట్టి 1145 నుంచి తమ వంశం ఆ ఊళ్లో ఉందని వంశవృక్షం మొదట్లో రాసుకుంటారు. విమర్శకుడు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఇన్ని ఊళ్ల కరణాలు ఒకే కథను ఎందుకు చెప్పారు?

ఆ కాలాన్ని చూడండి. 1802లో కంపెనీ ప్రభుత్వం శాశ్వత శిస్తు నిర్ణయంతోపాటు కరణాల ఉద్యోగాల మీద ప్రత్యేకంగా ఒక రెగ్యులేషన్ చేసింది. ఎవరి హక్కు నిలుస్తుందో, ఎవరిది పోతుందో తెలియని రోజులవి. ఆ వెనకనే దొరగారి మనుషులు వచ్చి "మీ ఊరి చరిత్ర చెప్పండి" అన్నారు. చెప్పేవాడికి అది చరిత్ర అడిగినట్టు వినిపించిందా, హక్కు రుజువు అడిగినట్టు వినిపించిందా? నా అభిప్రాయంలో రెండోదే. గ్రహణం నాటి దానం వెనక్కి తీసుకోకూడనిది. రాజు, ప్రధాని, తిథి, గ్రహణం అన్నీ కలిపి చెప్పడం దస్తావేజు మీద ముద్ర వేయడం లాంటిది. కాబట్టి ఈ కథ 1145 గురించి ఇచ్చే సాక్ష్యం బలహీనం. 1810ల నాటి కరణం మనసులోని భయం గురించి, అతను దేన్ని హక్కుగా భావించాడన్న దాని గురించి ఇచ్చే సాక్ష్యం చాలా బలమైనది. ఒక కాలానికి పనికిరాని ఆకరం ఇంకో కాలానికి గొప్ప ఆకరం కావచ్చు.

అదే కైఫియత్తు చివర్లో ఇనాములు, మాన్యాల లెక్క ఉంటే దాన్ని వదిలిపెట్టకండి. కుటుంబ చరిత్రకు గణపతి మహారాజు కథ కంటే అదే ఎక్కువ ఉపయోగం. ఏ వృత్తివాళ్లకు ఎంత భూమి ఉండేదో అక్కడ తెలుస్తుంది. మద్రాసు రాజధానిలో 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు ఈ దారిని ఇంకొంత ముందుకు తీసుకెళతాయి. ఊడిగపు ఇనాములున్న మంగలి, చాకలి, వెట్టి కుటుంబాల పేర్లు వాటిలో దొరికే అవకాశం ఉంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
"తేదీ తప్పయినా ఆకరం పనికివస్తుంది." గోపరాజు రామన్న కథ ఆధారంగా ఐదు వాక్యాల్లో వివరించండి.

11.4 తెలంగాణ రెవెన్యూ కాగితాలు: మల్కాజ్‌గిరి నుంచి

కైఫియత్తుల్లో ఎక్కువ భాగం సర్కారు, దత్తమండలాల ఊళ్లవి. నిజాం రాజ్యంలోని పల్లెల చరిత్రకు ముఖ్యంగా రెవెన్యూ కాగితాల మీద ఆధారపడాలి. నేను ఉండేది మల్కాజ్‌గిరిలో కాబట్టి ఇక్కడి నుంచే చూద్దాం.

ముందు ఊరి పేరు. మల్లికార్జునగిరి అన్న పేరే మల్కాజ్‌గిరి అయిందని స్థానికంగా చెప్పుకుంటారు. వినడానికి బాగుంది. పాత కాగితాల్లో ఆ పూర్తి రూపం కనబడేవరకు దాన్ని ఐతిహ్యంగానే రాసుకోవాలి.

తరువాత జిల్లా. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడకముందు ఈ ప్రాంతం హైదరాబాదు జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు నుంచి మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లా అయింది. ఈ మధ్యలో, 2007లో, పురపాలక సంఘం మహానగర పాలక సంస్థలో కలిసింది. ఊరు కదలలేదు, దాని చిరునామా మాత్రం మూడు జిల్లాలు మారింది. ఏ సంవత్సరపు కాగితం కావాలో చెప్పకుండా "మల్కాజ్‌గిరి కాగితాలు" అని అడిగితే కార్యాలయంలో దొరకవు.

ఇప్పుడు ఇక్కడి మనుషులు. రైల్వేలో, సైన్యంలో, ఫ్యాక్టరీల్లో పని దొరికి జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో. వాళ్ల పాత దస్త్రాలు ఇక్కడ లేవు, సొంత ఊళ్లలో ఉన్నాయి. అయినా వాళ్ల ఇంటి స్థలం దస్తావేజు తీసి చూడండి. అందులో ఒక సర్వే నంబరు ఉంటుంది. లింకు డాక్యుమెంట్లు ఒకదాని వెనక ఒకటి పట్టుకుని పోతే, కాలనీ లేఅవుటు వెనకాల ఒక పట్టాదారు పేరు తేలుతుంది. కొన్న కుటుంబం కథ, దున్నిన కుటుంబం కథ ఒకే కాగితంలో కలుస్తాయి. మనం రాసేది మొదటిదే అయినా రెండోదాన్ని మరిచిపోకూడదు.

ఆ పట్టాదారు నుంచి వెనక్కి వెళ్లే మెట్లు ఇవి. సేత్వార్ అంటే మొదటి సర్వే, బందోబస్తు తరువాత తయారైన మూల రిజిస్టరు. ఖాస్రా పహాణీ 1954–55లో తయారైంది. అందులో పట్టాదారు పేరుతోపాటు భూమి నిజంగా ఎవరి స్వాధీనంలో ఉందో కూడా రాశారు. పట్టా ఒకరిది, సాగు మరొకరిది అయితే ఆ రెండు గడుల మధ్య తేడాలోనే ఊరి కథ ఉంటుంది. 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదార్ల జాబితా కూడా చూడండి. పట్టా లేని రైతు కుటుంబాలు అందులో కనిపిస్తాయి.

పాత కాగితాలు ఉర్దూలో, అంతకు ముందువి పారశీకంలో ఉంటాయి. చదివిపెట్టేవారి సాయం తీసుకోండి. వాటిలో సంవత్సరం ఫసలీలో ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఫసలీ 1364 అంటే 1954–55. 1984లో ప్రభుత్వం గ్రామాధికారుల ఉద్యోగాలను రద్దు చేసింది. అంతవరకు ఊరి లెక్కలు పట్వారీ చేతిలో, చాలాచోట్ల పట్వారీ ఇంట్లోనే ఉండేవి. ఏ కాగితం ఎలా మండల కార్యాలయానికి చేరిందన్నది కూడా బాహ్య విమర్శలో భాగమే. పెద్ద దస్త్రాల కోసం తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారం ఉంది.

సర్కారు కాగితమైతే నిజమే అనుకునేవారికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. మీ ఇంటి పెద్దల బడి సర్టిఫికెట్లు తీయండి. పుట్టిన తేదీ జూన్ 1 అనో జూలై 1 అనో ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి. బడిలో చేర్చుకున్న పంతులు వయసు అంచనా వేసి తేదీ రాశాడు. ఆ తేదీతోనే ఉద్యోగం, పింఛను అన్నీ జరిగిపోయాయి. జనన మరణాల నమోదును దేశమంతటా తప్పనిసరి చేసిన చట్టం 1969లో వచ్చింది. అంతకు ముందు పుట్టినవారి తేదీని ఒక్క కాగితం మీద ఆధారపడి రాయకండి. "అమ్మ చెప్పేది: నేను పుట్టిన ఏడే ఊరి చెరువు తెగింది" అన్న మాట ఒక్కోసారి సర్టిఫికెట్ కంటే దగ్గరగా ఉంటుంది. చెరువు ఎప్పుడు తెగిందో వేరే ఆధారంతో తేల్చుకోవచ్చు కదా!

11.5 కాగితానికెక్కని వాళ్లు

11.5.1 స్త్రీలు

ఉర్దూ పద్ధతిలో రాసిన దస్తావేజుల్లో మగవాడి పేరు తరువాత 'వల్ద్' అని తండ్రి పేరు ఉంటుంది. స్త్రీ పేరు తరువాత 'జౌజె' అని భర్త పేరు ఉంటుంది. ఆమె తండ్రి ఎవరో, పుట్టిల్లు ఏదో ఆ గడిలో చోటు లేదు. సాధారణంగా ఆమె పేరు పహాణీకి ఎక్కేది భర్త చనిపోయి విరాసత్ జరిగినప్పుడు. అంటే ఆమె రికార్డులో పుట్టేది వైధవ్యంతో! స్కాట్లండ్ రిజిస్టరులో పుట్టింటి పేరు నిలవడానికీ, మన పహాణీలో పోవడానికీ కారణం స్త్రీ గౌరవంలో తేడా అని తేల్చేయకండి. ఆ కాగితం శిస్తు కట్టేవాడిని వెతికింది, ఈమెను వెతకలేదు.

మరి ఆమెను ఎక్కడ వెతకాలి? అటక మీద. పెళ్లికి పుట్టింటివారు పెట్టిన ఇత్తడి బిందె, కంచు గిన్నె, స్టీలు డబ్బా అంచున ఇచ్చినవారి పేరు, తేదీ చెక్కించి ఉంటాయి. చాలా ఇళ్లలో తల్లివైపు వంశానికి మిగిలిన లిఖిత ఆధారం అదొక్కటే. పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి కాగితం, పాత శుభలేఖ, చేతి మీది పచ్చబొట్టు కూడా చూడండి. తద్దినం పెట్టే ఇళ్లలో తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు అంటూ మూడు తరాల స్త్రీల పేర్లు చెబుతారు. పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు ఎవరి పేరు మీద ఇస్తున్నారో వినండి, రాసుకోండి.

11.5.2 ఓడ ఎక్కినవాళ్లు

ఊరి లెక్కల్లో చోటు లేని కూలివాడికి ఒక సందర్భంలో మాత్రం నిండు దస్త్రం దొరికింది. మారిషస్‌కూ, 1860 నుంచి నేటాల్‌కూ ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. వారి వలస పత్రంలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చలు రాసేవారు. మారిషస్ వలస దస్త్రాలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఇవాళ డర్బన్‌లో ఉన్న మునిమనవడు ఆ కాగితం పట్టుకుని తన తాతల ఊరు వెతుక్కోగలుగుతున్నాడు. అదే ఊళ్లో మిగిలిపోయిన అన్నగారి సంతానానికి మాత్రం ఆ తరం గురించి ఒక్క అక్షరం దొరకకపోవచ్చు.

ఈ పత్రం కూడా దయతో రాసింది కాదు. కూలీ పారిపోతే పట్టుకోవడానికి మచ్చలు రాశారు. ఊరి పేర్లు గుమాస్తా చెవికి వినబడినట్టు రాశారు. వయసు అంచనా. కులం గడిలో కొన్నిసార్లు కులానికి బదులు 'జెంటూ' అని, అంటే తెలుగువాడని మాత్రమే ఉంటుంది. ఓడ ఎక్కేటప్పుడు పేరు మార్చి చెప్పుకున్నవాళ్లూ ఉండవచ్చు. విమర్శ లేకుండా ఇదీ చదవరాదు.

11.5.3 నోటి దస్త్రాలు

మన దగ్గర కాగితానికి సమానంగా నిలిచిన మరో వ్యవస్థ ఉంది. పిచ్చకుంట్లవారు, మందహెచ్చులవారు, కూనపులివారు, డక్కలివారు తమ దాతృకులాల పుట్టుక కథనూ, గోత్రాలనూ తరతరాలుగా చెబుతూ వచ్చారు. మందహెచ్చులు గొల్లలకు, కూనపులివారు పద్మశాలీలకు, డక్కలివారు మాదిగలకు ఆశ్రితులు. ఏ ఊళ్లు ఎవరి వంతో ముందే పంచుకుని, కొన్నేళ్లకోసారి వచ్చి, పటం చూపించి కథ చెప్పి, త్యాగం తీసుకుని పోయేవారు. డక్కలివారు చెప్పే జాంబపురాణంలో మాదిగల మూలపురుషుడు జాంబవంతుడు సృష్టికి ముందే ఉన్నాడు. కైఫియత్తులో కరణానికి గణపతి మహారాజు ఎలాగో ఇక్కడ జాంబవంతుడు అలాగ. ఒక కథ దస్త్రానికెక్కి 'రికార్డు' అయింది, మరొకటి ఎక్కక 'పురాణం' అయింది. రెండూ మర్యాదను నిలబెట్టుకునే కథలే. మొదటిదాన్ని ఎంత గౌరవంతో, ఎంత అనుమానంతో చదివారో రెండోదాన్నీ అంతే గౌరవంతో, అంతే అనుమానంతో వినండి. ఆకర విమర్శలో న్యాయం అంటే ఇదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 3
మీ ఇంట్లో పేరు చెక్కిన పాత్రలు ఎన్ని ఉన్నాయి? వాటి మీది పేర్లు, తేదీలు రాసి, ఆ వ్యక్తులతో మీ బంధుత్వం గుర్తించండి.

11.6 పని చేసే పద్ధతి

ఈ పాఠానికి సంబంధించిన నియామకం రాసేటప్పుడు కింది విషయాలు పాటించండి.

1. బతికి ఉన్న పెద్దలతో మొదలుపెట్టండి. దస్త్రం ఎక్కడికీ పోదు, మనిషి ఉండడు. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కన రాయండి.

2. ఒక విషయాన్ని వేర్వేరు అవసరాల కోసం రాసిన రెండు ఆధారాలతో పోల్చండి. పహాణీకి పహాణీయే సాక్ష్యం కాదు. పహాణీని బడి రిజిస్టరుతో, బిందె మీది పేరుతో పోల్చాలి.

3. ఒకే పేరున్న ఇద్దరిని ఒకరిగా కలపకండి. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతారు. మల్లయ్య కొడుకు రాజయ్య, రాజయ్య కొడుకు మళ్లీ మల్లయ్య. కాగితంలో ఇద్దరు మల్లయ్యలు ఒక్కరే అనుకుంటే మధ్యలో రెండు తరాలు మాయమవుతాయి. వయసు, సర్వే నంబరు, తండ్రి పేరు మూడూ సరిపోయాకే కలపండి.

4. ఖాళీని ఖాళీగానే ఉంచండి. "ఆధారం లభించలేదు" అని రాయడం చిన్నతనం కాదు. అందమైన ఊహతో ఖాళీ నింపితే మీ మనవలు దాన్ని చరిత్ర అనుకుంటారు.

5. బతికున్నవారి మర్యాద కాపాడండి. దత్తత, రెండో పెళ్లి, అప్పు, కులం మార్చి చెప్పుకున్న సందర్భం వంటివి బయటపడవచ్చు. సంబంధించినవారి అనుమతి లేకుండా వాటిని రాసి సమర్పించకండి.

11.7 సారాంశం

స్థానిక దస్త్రాలు కుటుంబ చరిత్రకు ముఖ్యమైన ఆకరాలు. చర్చి రిజిస్టరు మతం కోసం, పహాణీ శిస్తు కోసం, వలస పత్రం కూలీని గుర్తుపట్టడం కోసం రాసినవి. కైఫియత్తులో హక్కును నిలుపుకునే ప్రయత్నం కనిపిస్తుంది. ఏదీ మన తాతముత్తాతల కోసం రాసింది కాదు. ఎవరు, ఎందుకు రాశారో తెలుసుకుంటే, అది చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మాలో, చెప్పనిదాన్ని ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. దస్త్రంలో పేరు లేని కుటుంబానికి చరిత్ర లేదనడం విమర్శ తెలియని మాట. ఆ కుటుంబం చరిత్ర పాత్రల మీద, పాటల్లో, పెత్రమాస బియ్యంలో, మరో దేశపు దస్త్రాల గదిలో ఉండవచ్చు. దాన్ని వెతికి, పరీక్షించి, రాయాల్సినవారు ఆ కుటుంబంలో మొదటిసారి డిగ్రీ చదువుతున్న మీరే కావచ్చు.

11.8 కొత్త పదాలు

మిరాశీ: వంశపారంపర్యంగా అనుభవించే హక్కు.
దండకవిలె: కరణం దగ్గరుండే గ్రామ వృత్తాంతాల, లెక్కల పుస్తకం.
విరాసత్: పట్టాదారు చనిపోయాక వారసుల పేరిట పట్టా మార్చడం.
వల్ద్: ఫలానావారి కొడుకు. జౌజె: ఫలానావారి భార్య.
త్యాగం: ఆశ్రిత కులాలవారికి దాతృకులంవారు ఇచ్చే కట్నం.

11.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కైఫియత్తులను కుటుంబ చరిత్రకు ఆకరాలుగా వాడుకోవడంలోని ప్రయోజనాలను, పరిమితులను విమర్శనాత్మకంగా చర్చించండి.
2. "పెత్తనానికి పని పడినప్పుడే పేదవాళ్ల పేరు కాగితానికెక్కుతుంది." పాఠంలోని ఉదాహరణలతో సమర్థించండి లేదా ఖండించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఖాస్రా పహాణీలో పట్టాదారు గడికి, స్వాధీనదారు గడికి తేడా ఎందుకు ముఖ్యం?
2. తల్లివైపు వంశాన్ని గుర్తించడానికి ఉపయోగపడే ఆధారాలేవి?
3. ఆశ్రిత కులాల కథనాలను కైఫియత్తులతో పోల్చండి.